హట్ బే టికెట్ కంటే ముందు

అండమాన్ వెళ్తున్నాం అంటే వైజాగ్‌లో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోరు. మన పోర్టు నుంచే ఓడ ఉంది. బంధువుల్లో వెతికితే అక్కడ స్థిరపడిన మేనమామో, వేలువిడిచిన బావో దొరక్కపోడు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి పదమూడుమంది తెలుగువాళ్ళే. అందుకని ఎవరికి చెప్పినా "హేవ్‌లాక్ వదలకండి, సెల్యులార్ జైల్లో లైట్ షో చూడండి, ముత్యాలు బేరమాడి కొనండి" అంటూ సలహాలు వచ్చి పడతాయి.

"హేవ్‌లాక్ కాదండీ, లిటిల్ అండమాన్" అనగానే ఆ సలహాలు ఆగిపోతాయి. మా స్టాఫ్‌రూమ్‌లో తెలుగు మాస్టారు కళ్ళజోడు తీసి మరీ చూశారు. "బాణాలేసి చంపేస్తారే, ఆ దీవికా అమ్మా?" అది నార్త్ సెంటినెల్ మాస్టారూ, 2018లో అమెరికా నుంచి వచ్చిన కుర్రాడు చనిపోయింది అక్కడ, ఆ దీవి దరిదాపులకి పోవడమే నేరం, మేం వెళ్ళేది వేరే చోటు అని చెప్పాను. ఆయన సగమే నమ్మారు. మా అత్తగారు అదీ నమ్మలేదు. "ఏటమ్మా, ఇక్కడున్న సముద్రం సాలదేటి?" అన్నారు. భీమిలిలో మా డాబా ఎక్కితే సముద్రమే కనిపిస్తుంది, కాబట్టి ఆవిడ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. నాతో వస్తానంటున్నది మా బయాలజీ మేడం. మా ఆయనది స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ, సెలవు దొరికితే వస్తారు, లేకపోతే లేదు.

ఈ ప్రయాణానికి అసలు కారణం తాబేలు. జనవరి నుంచి మార్చి దాకా తెల్లారుజామున ఆర్కే బీచ్‌లోనో జోడుగుళ్ళపాలెం వైపో నడిచేవాళ్ళకి తెలిసే ఉంటుంది. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి, అటవీశాఖ వాళ్ళు ఆ గుడ్లు తీసి కంచె వేసిన హేచరీలో పూడ్చి పెడతారు. చచ్చి కొట్టుకొచ్చినవీ కనిపిస్తాయి. ట్రాలర్ వలల్లో ఇరుక్కుని, పైకొచ్చి ఊపిరి తీసుకునే వీల్లేక పోయినవే వాటిలో ఎక్కువ. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అది చేపలు గుడ్లు పెట్టే కాలం చూసి పెట్టింది. అప్పటికి తాబేళ్ళ సీజను దాదాపు ముగిసిపోతుంది.

ఒకసారి మేడం తొమ్మిదో తరగతి పిల్లల్ని హేచరీకి తీసుకెళ్ళింది. అన్నిటికన్నా పెద్ద తాబేలు ఏదని ఒకడు అడిగాడు. లెదర్‌బ్యాక్ అంది. మన దేశంలో ఉందా అన్నాడు. గుడ్లు పెట్టడానికి అండమాన్ నికోబార్ దీవులకి వస్తుంది అంది. "మీరు చూశారా టీచర్?" అన్నాడు. ఆ ప్రశ్న ఆవిడకి బాగా పట్టుకుంది.

లెదర్‌బ్యాక్‌లు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది గ్రేట్ నికోబార్‌లోని గలతియా బే. మొదట అక్కడికే అనుకున్నాం. కానీ అది దీవుల వరుసలో ఆ చివరన ఉంది. పైగా ఓడరేవు కడతామని 2021 జనవరిలో ఆ తీరానికున్న అభయారణ్యం హోదా తీసేశారు. అక్కడి పరిస్థితులు, అనుమతులు చూస్తే ఇద్దరు టీచర్లు సంచి భుజానేసుకుని పోయే చోటులా అనిపించలేదు. లిటిల్ అండమాన్‌కి పోర్ట్‌బ్లెయిర్ నుంచి పడవ ఉంది. (2024 నుంచి పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం. మా అన్నయ్యతో సహా అక్కడివాళ్ళంతా ఇంకా పాత పేరే అంటున్నారు, నేనూ అదే రాస్తున్నాను.)

జంతువులు ఆవిడ చదవాలి, చరిత్ర నేను చదవాలి అని పంచుకున్నాం. ఆ పంపకం ఎక్కువ కాలం నిలవలేదు. కుక్కల గురించి చదువుతుంటే 1858 అడ్డొస్తుంది, పామాయిల్ తోట గురించి చదువుతుంటే సుప్రీంకోర్టు అడ్డొస్తుంది. చివరికి ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకరి నోట్సు ఒకరం లాక్కుని చదువుకున్నాం.

ముందు పటం సంగతి. అండమాన్ దీవుల్లో దక్షిణాన చిట్టచివరిది లిటిల్ అండమాన్. ఉత్తరాన డంకన్ పాసేజ్, దక్షిణాన టెన్ డిగ్రీ ఛానెల్. ఆ ఛానెల్ దాటితే కార్ నికోబార్. పేరులో లిటిల్ అని ఉంది గానీ ఏడు వందల చదరపు కిలోమీటర్ల పైమాటే. అనకాపల్లి నుంచి భీమిలి దాకా మన జీవీఎంసీ మొత్తం కలిపినా 680 చిల్లర. 2011 లెక్కల్లో ఆ దీవి జనాభా 18 వేల పైచిలుకు, అంటే మన దగ్గర ఒకటి రెండు వార్డులకి సరిపోయే జనం. రేవు, బజారు, ఆసుపత్రి అన్నీ తూర్పు ఒడ్డున హట్ బేలోనే. అక్కణ్ణుంచి ఉత్తరంగా తీరం వెంబడి ఒక రోడ్డు, దాని పక్కన నేతాజీ నగర్, రామకృష్ణపూర్, వివేకానందపూర్. మిగతా దీవంతా అడవి.

ఇక చరిత్ర. పోర్ట్‌బ్లెయిర్ చరిత్ర మనకి కొత్త కాదు. 1858లో ఖైదీల కాలనీ, తర్వాత సెల్యులార్ జైలు, రంప తిరుగుబాటులో పట్టుబడి అక్కడికి పంపబడ్డవాళ్ళు, కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారి. ఇదంతా పిల్లలకి చెప్పేదే. లిటిల్ అండమాన్ మాత్రం ఆ కథలో ఎక్కడా రాదు. వచ్చిందల్లా 1867లో, అదీ ఓ విచిత్రమైన దారిలో.

ఆ ఏడాది 'అసాం వ్యాలీ' అనే ఓడ అటుగా పోతూ ఆగింది. కెప్టెను, ఏడుగురు నావికులు కర్ర కొట్టుకోవడానికి ఒడ్డుకి దిగారు. తిరిగి రాలేదు. వాళ్ళేమయ్యారో తేల్చడానికి 24వ రెజిమెంటు సైనికులతో 'అరకాన్' అనే ఓడ వెళ్ళింది. మే 7న సైనికులు పడవల్లో ఒడ్డు చేరారు. ఆ దీవి ఆదివాసులైన ఓంగేలు బాణాలు వేశారు, వీళ్ళు తుపాకులు పేల్చారు. ఈలోగా కెరటాలు పెరిగిపోయి, ఒడ్డున ఉన్నవాళ్ళు వెనక్కి వచ్చే దారి లేకుండా పోయింది. అప్పుడు కెనడాలో పుట్టిన డగ్లస్ అనే సైనిక వైద్యుడు, మర్ఫీ, కూపర్, బెల్, గ్రిఫిత్స్ అనే నలుగురు మామూలు సిపాయిలు ఒక చిన్న పడవ వేసుకుని ఆ కెరటాల్లోంచే వెళ్ళి, పదిహేడుమందిని విడతలుగా ఓడకి చేర్చారు. ఐదుగురికీ బ్రిటిష్ సైన్యంలో అన్నిటికన్నా పెద్ద సాహస పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. యుద్ధంలో శత్రువుకి ఎదురు నిలిచినందుకు ఇచ్చే పతకాన్ని సముద్రానికి ఎదురు వెళ్ళినందుకు ఇవ్వడం అరుదు. వాళ్ళలో గ్రిఫిత్స్ ఆ తర్వాత 1879లో దక్షిణాఫ్రికాలో, ఇసాండ్‌ల్వానా దగ్గర జూలూలతో జరిగిన యుద్ధంలో చనిపోయాడు.

పెదజాలరిపేట దగ్గర కెరటం విరిగే చోట తెప్ప దాటించడం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఒక్క కెరటం లెక్క తప్పితే తెప్ప అడ్డం తిరిగిపోతుంది. తెలియని ఒడ్డులో, మాటిమాటికీ ఆ పని చేశారంటే ఆ ఐదుగురి ధైర్యాన్ని తీసిపారేయలేను. కానీ ఆ ప్రశంసాపత్రంలో రక్షించబడ్డ పదిహేడుమంది లెక్క ఉంది, పోయిన కెప్టెను, ఏడుగురి లెక్క ఉంది. ఒడ్డున తూటాలు తగిలి పడిపోయిన ఓంగేలు ఎంతమందో లేదు. క్లాసులో మేం సోర్సులు అని చెప్తుంటాం కదా, రాసినవాడు ఎటువైపు నిలబడి రాశాడో చూడమని. దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మా పాఠ్యపుస్తకంలో లేదు. ఈసారి తొమ్మిదో తరగతికి ఇదే చెప్తాను.

అక్కణ్ణుంచి నా చదువు దారి మారింది. ఈ దీవి గురించి ఎవరు రాసినా పడవలో బయటినుంచి వచ్చినవాళ్ళే. వచ్చినవాడు ఎవడు, ఎందుకొచ్చాడు అన్నది ముందు చూసుకుని, తర్వాత వాడు రాసింది చదవడం మొదలుపెట్టాను. 1950ల్లో ఓంగేల మధ్య ఉండి రాసిన ఇటలీ మానవ శాస్త్రవేత్త లిడియో చిప్రియాని ఉన్నాడు. వాళ్ళ గుడిసెలు, వేట, పాత గుల్లల దిబ్బలు అన్నీ ఓపిగ్గా చూశాడు. అతని పేరు గురించి ఇంకాస్త వెతికితే, 1938లో ముస్సోలినీ ప్రభుత్వం తెచ్చిన జాతి వివక్ష ప్రకటన మీద సంతకం చేసిన పదిమంది శాస్త్రవేత్తల్లో అతనొకడని తేలింది. అప్పటికే అతని వర్ణనలు రెండు పేజీలు నోట్సు రాసుకున్నాను. కొట్టెయ్యలేదు. పక్కన ఎర్ర సిరాతో 1938 అని వేసుకున్నాను.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కట్టిపడేసింది తేనె. అక్కడి పెద్ద తేనెటీగలు మన మన్యంలో ఉండే కొండతేనెటీగల రకమే, కుడితే మనిషి ప్రాణానికే ముప్పు. మనవాళ్ళు పొగ పెడతారు. ఓంగేలు ఒక చెట్టు ఆకులు నోట్లో వేసుకుని నములుతారు. ఆ రసం ఒంటికి పూసుకుంటారు. చెట్టెక్కి తుట్టె దగ్గరికి చేరాక నోట్లోని నమిలిన ఆకు పిప్పిని ఈగల మీదకి ఉమ్ముతారు. ఈగలు కుట్టకుండా పక్కకి తప్పుకుంటాయి, తుట్టె ఖాళీ అవుతుంది. ఆ చెట్టు సీతాఫలం కుటుంబానికి చెందింది, శాస్త్రీయ నామం ఒరోఫియా కచ్చాలికా. దాని మీద శాస్త్రవేత్తలు 1980ల్లో పరిశోధన పత్రం రాశారు. సీతాఫలం ఆకు మన పల్లెల్లో పేలకి వాడతారని మేడం గుర్తుచేసింది. ఇద్దరం ఓ గంట అదే మాట్లాడుకున్నాం, ఆ రోజు ఇంకేమీ చదవలేదు.

1901 జనాభా లెక్కల్లో ఓంగేలు 672 మంది అని అంచనా వేశారు. 2011లో 101. బయటి జబ్బులు కొంత, బయటి మనుషులు కొంత. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2005లో వాళ్ళ డీఎన్ఏ పరిశీలించి, యాభై నుంచి డెబ్భై వేల ఏళ్ళ కిందట ఆఫ్రికా నుంచి బయల్దేరిన తొలి మానవుల వంశంలో వీళ్ళు ఒక పాత కొమ్మ అని చెప్పారు. అంత పాత కొమ్మకి నూట ఒక్క ఆకులు మిగిలాయి.

1957లో దీవి మొత్తాన్నీ ఆదిమ తెగల రిజర్వుగా ప్రకటించారు. 1965లో ప్రభుత్వ బృందం ఒకటి అదే దీవిలో అడవి కొట్టి జనాన్ని స్థిరపరచాలని నివేదిక ఇచ్చింది. తర్వాత తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కాందిశీకులకి భూములిచ్చారు, కార్ నికోబార్ నుంచి కొన్ని కుటుంబాలని తెచ్చి హర్మిందర్ బేలో పెట్టారు, కలప తీశారు, వందల హెక్టార్లలో పామాయిల్ తోట వేశారు. 1970ల్లో దీవిలో కొంత భాగం రిజర్వు నుంచి తప్పించారు. వచ్చినవాళ్ళని తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఇల్లు పోయినవాళ్ళు ఎక్కడ చోటిస్తే అక్కడికే పోతారు. తను వేసిన శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక వచ్చాక సుప్రీంకోర్టు లిటిల్ అండమాన్‌లోనూ, గిరిజన రిజర్వుల్లోనూ చెట్లు కొట్టడం ఆపమని 2002లో తీర్పిచ్చింది. ఆ ఉత్తర్వు తేదీ కూడా మే 7. విక్టోరియా క్రాస్ తేదీ అదే కాబట్టి ఈ దీవికి సంబంధించి నేను బట్టీపట్టాల్సిన తేదీ ఒకటే అయింది. సోషల్ టీచర్లకి ఇలాంటివి పండగ.

2021లో మళ్ళీ ఇంకో పటం వచ్చింది. నీతి ఆయోగ్ వాళ్ళది. అందులో తూర్పు ఒడ్డున కొత్త నగరం, ఆర్థిక కేంద్రం, విమానాశ్రయం, పడమటి ఒడ్డున ప్రకృతి విడిది. పడమటి ఒడ్డున వెస్ట్ బే ఉంది. అక్కడికి లెదర్‌బ్యాక్‌లు వస్తాయి. రెండు పటాలు పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడు మేడం ఏమీ అనలేదు, తాబేలు బొమ్మ వేసిన చోట పెన్సిల్‌తో గట్టిగా గీసింది.

పుస్తకాల్లో లేనివి చెప్పడానికి మా పెదనాన్న కొడుకు ఉన్నాడు. కుర్రతనంలో తాపీపనికని వెళ్ళి పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో స్థిరపడిపోయాడు. సునామీ తర్వాత కొత్త ఇళ్ళు కట్టే పనికి హట్ బేలో కొన్నాళ్ళు ఉన్నాడు. ఫోన్ చేస్తే చరిత్ర చెప్పడు, పనికొచ్చే ముక్కలు చెప్తాడు.

"సెల్లీ, మీ వైజాగ్‌లో లాగ కాదు, అక్కడ డిసెంబర్లో అయిదయితే సీకటడిపోద్ది. తెల్లారడం కూడా బేగినే. ఏ పనున్నా పొద్దున్నే సూసుకోండి."

గడియారం ఒకటే అయినా సూర్యుడు మనకంటే ముందే వెళ్ళిపోతాడన్నమాట. మా ప్లానంతా సాయంత్రాల చుట్టూ వేసుకున్నాం, అది మొత్తం తిరగరాశాం.

"వాగులు సముద్రంలో కలిసే కాడ నీలు బాగున్నాయని దిగీకండి. మొసలుంటాది. ఉప్పునీటి మొసలి, అది సముద్రంలోకి కూడా ఈదుకొచ్చేద్ది."

ఇది మేడానికి తెలిసిన సంగతే. ఉప్పునీటి మొసలి ఇప్పుడు బతికున్న సరీసృపాల్లో అన్నిటికన్నా పెద్దది. కానీ పుస్తకంలో చదివినప్పటికన్నా అన్నయ్య నోట విన్నాక ఆవిడకి టెన్షన్ ఎక్కువైంది.

ఓంగేల గురించి అడిగితే మాత్రం అన్నయ్య మాట తుంచేశాడు. "ఆసుపత్రి కాడ ఒకట్రెండుసార్లు సూసేను. ఆళ్ళని సూడ్డానికైతే రాకు సెల్లీ." ఇంకేం చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు.

ఓంగేలు ఉండే డుగాంగ్ క్రీక్ దీవికి ఉత్తరాన ఉంది. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా రిజర్వులోకి వెళ్ళకూడదు. 2012లో సవరించి శిక్షలు పెంచారు. ఫొటోలు, వీడియోలు తీసినా జైలే. చట్టం లేకపోయినా నేను వెళ్ళేదాన్ని కాదు. 2004 డిసెంబర్ 26న సముద్రం వెనక్కి తగ్గడం చూసి ఎత్తయిన చోటికి వెళ్ళిపోయి ఓంగేలు ప్రాణాలు దక్కించుకున్నారు. సునామీ పాఠం వచ్చినప్పుడల్లా ఇది అందరం గొప్పగా చెప్పుకుంటాం. నాలుగేళ్ళ తర్వాత, 2008 డిసెంబర్లో, ఒడ్డుకి ఒక ప్లాస్టిక్ డబ్బా కొట్టుకొచ్చింది. అందులో ఉన్నది సారా అనుకుని తాగి ఎనిమిదిమంది ఓంగే మగవాళ్ళు చనిపోయారు. వందమంది ఉన్న తెగలో ఎనిమిదిమంది. అంత పెద్ద సునామీని తప్పించుకున్నవాళ్ళు మన చెత్త డబ్బా నుంచి తప్పించుకోలేకపోయారు. ఈ రెండో సంగతి పాఠ్యపుస్తకాలు రాసేవాళ్ళకి ఎందుకో పట్టదు.

ఇప్పుడు తాబేలు. మేడం నోట్సు చూసి రాస్తున్నాను, తప్పులుంటే ఆవిడే దిద్దుతుంది.

మన ఆర్కే బీచ్‌కి వచ్చే ఆలివ్ రిడ్లీ నలభై, యాభై కిలోలు తూగుతుంది. లెదర్‌బ్యాక్ మూడు నాలుగు వందల కిలోల నుంచి ఇంకా పైకే పోతుంది. దానికి అసలు గట్టి డిప్ప ఉండదు. వీపు మీద నల్లటి తోలు, తల వైపు నుంచి తోక దాకా పొడుగ్గా ఏడు గట్లు. ముందు రెక్కలు ఒడ్డు మీద చాపితే మనిషి చేతుల బార కన్నా ఎక్కువే. తినేది జెల్లీ చేపల్ని. జెల్లీ చేప అంటే దాదాపు నీళ్ళే కదా, అది తిని అంత ఒళ్ళు ఎలా పెంచుతుందో మేడం నాకు రెండుసార్లు చెప్పింది. రోజంతా తింటుందట, తన బరువుకి దగ్గర్లో ఉన్నంత. వెయ్యి మీటర్ల లోతుకి మునగగలదు. మిగతా తాబేళ్ళకి లేని గుణం ఇంకొకటి ఉంది: చల్లటి నీళ్ళలో కూడా ఒంట్లో వేడి నిలుపుకోగలదు. అందుకే అంత ఉత్తరాన చలి సముద్రాల్లోనూ కనిపిస్తుంది. నీళ్ళలో తేలే పాలిథిన్ కవరు దాని కళ్ళకి జెల్లీ చేపలాగే కనబడుతుంది. ఆ సంగతి చదివిన రోజు మేడం మా బడి ముందు బండివాణ్ణి కవర్లు మానమని గట్టిగా పోట్లాడింది. వాడు రెండ్రోజులు మానేశాడు.

2010 తర్వాతి సంవత్సరాల్లో బెంగళూరు ఐఐఎస్‌సీ, దక్షిణ్ ఫౌండేషన్ పరిశోధకులు లిటిల్ అండమాన్‌లో గుడ్లు పెట్టిన కొన్ని తాబేళ్ళ వీపులకి ఉపగ్రహంతో మాట్లాడే ట్రాన్స్‌మీటర్లు బిగించారు. ఆ జాడ పటాలు నేను తెరిచి చూసినప్పుడు నోరు వెళ్ళబెట్టాను. కొన్ని ఆగ్నేయంగా ఇండోనేషియా దాటి ఆస్ట్రేలియా వైపు పోయాయి. కొన్ని నైరుతిగా హిందూ మహాసముద్రం మొత్తం అడ్డంగా ఈది ఆఫ్రికా ఒడ్డుకి. ఒకటి మొజాంబిక్ దాకా పోయింది, పదమూడు వేల కిలోమీటర్లకి పైగా. మళ్ళీ గుడ్లు పెట్టే సమయానికి ఈ చిన్న దీవి ఇసుకకే వస్తాయి. పిల్లలకి ఖండాల పాఠం ఈ గీతలతో చెప్తే అట్లాసు అవసరం ఉండదు.

ఆ గూళ్ళకి శత్రువులు ఉడుములు, పందులు, వాటికన్నా కుక్కలు. ఇక్కడే జంతువులూ చరిత్రా కలిసిపోయాయి. 1858లో ఖైదీల కాలనీ వచ్చేదాకా అండమాన్ దీవుల్లో కుక్క అన్నదే లేదు. బ్రిటిష్‌వాళ్ళతో వచ్చింది. అండమాన్ తెగలవాళ్ళు దాన్ని పెంచుకుని అడవి పందుల వేటకి వాడుకున్నారు, ఓంగేలకి వేటకుక్క అంటే ప్రాణం. తర్వాత కొత్తగా వచ్చిన ఊళ్ళ వెంట ఊరకుక్కలు పెరిగాయి. అవి రాత్రిళ్ళు ఒడ్డున తిరిగి తాబేలు గుడ్లు తవ్వి తింటున్నాయి. పరిశోధకులు శిబిరాలు వేసుకుని రాత్రంతా తిరిగేది కొలతలు తీయడానికి ఒక్కటే కాదు, గూళ్ళకి కాపలా కూడా. మన జోడుగుళ్ళపాలెం హేచరీకి కంచె ఉన్నదీ కుక్కల కోసమే. ఏ దీవికి పోయినా మన వీధి కుక్క మనకంటే ముందే పోయి కూర్చుంటుందని మేడం అంది.

ఇంత చదివాక మా ప్లాన్‌లో మిగిలిందేంటంటే: డుగాంగ్ క్రీక్ లేదు. వెస్ట్ బే లేదు, అటు పడవ మాట్లాడతామని ఎవరైనా అన్నా వెళ్ళం. బట్లర్ బే ఒడ్డు, వైట్ సర్ఫ్ జలపాతం, లైట్‌హౌస్, పాత పామాయిల్ తోట, ఇవి ఎవరైనా చూడొచ్చు. తోట నాకు కావాలి, జలపాతం మా ఆయనకి. తాబేలు ఉండే సౌత్ బే వైపు రాత్రిపూట పోవాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. పోర్ట్‌బ్లెయిర్ ఆఫీసుకి ఇద్దరం కలిసి ఉత్తరం రాశాం, బడి లెటర్‌హెడ్ మీద, హెడ్‌మాస్టర్ సంతకంతో. మాకు తాబేలుని ముట్టుకోవాలని లేదు, ఫొటో అక్కర్లేదు, వాళ్ళు చెప్పిన చోట కూర్చుంటాం అని రాశాం. తెల్ల లైటు పడితే గుడ్లు పెట్టకుండానే తిరిగి సముద్రంలోకి పోతుంది కాబట్టి ఎర్ర కాగితం చుట్టిన టార్చి ఒక్కటే తెస్తాం అని కూడా మేడం చేర్చింది. జవాబు ఇంకా రాలేదు. రాకపోతే తాబేలు లేకుండానే వెళ్తాం. తొమ్మిదో తరగతి కుర్రాడికి ఏం చెప్పాలో అప్పుడు ఆవిడే చూసుకుంటుంది.

పోతే, తేదీలు. తాబేళ్ళు డిసెంబర్ నుంచి మార్చి దాకా. మార్చిలో టెన్త్ పరీక్షలు, ఫిబ్రవరిలో రివిజన్లు, ఎవరికీ సెలవివ్వరు. మాకు మిగిలింది సంక్రాంతి సెలవులు. వైజాగ్ నుంచి ఓడ నెలకి ఒకటి అటూ ఇటూగా, ప్రయాణం రెండున్నర రోజుల పట్టే. రానూ పోనూ ఓడంటే సెలవులన్నీ నీళ్ళ మీదే అయిపోతాయి. అందుకని వెళ్ళడం ఓడలో, రావడం చెన్నై మీదుగా విమానంలో. ఓడ తేదీలు పోర్టు దగ్గర ఏజెంటు ఆఫీసు బోర్డు మీద పెట్టేదాకా ఎవరికీ తెలియవు. మా ఆయన డ్యూటీకి పోతూ వస్తూ ఆ బోర్డు చూసి వస్తున్నారు. తేదీ భోగి నాడే పడితే భోగి ఓడలోనే. అరిసెలు ఓడలో మా బంక్ క్లాసులో అందరికీ పంచుతాం, మంట మాత్రం వేయనివ్వరు.